డాక్టరమ్మకి డాక్టరు

డాక్టర్ నిరంజన్‌కి వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. చదువు పూర్తయింది, పట్టా గోడకెక్కింది, గది దొరికింది, గదిలో ఫ్యాను కూడా తిరుగుతోంది. పేషెంట్లు మాత్రం రావడం లేదు.

రావడం లేదంటే ఊళ్ళో జబ్బులు లేక కాదు. పక్క గదిలో జనం కిటకిటలాడుతున్నారు. పేరాల ఊళ్ళో నేతగాళ్ళ వీధి మొదట్లో ఉన్న ఆ చిన్న క్లినిక్‌కి రెండు గదులు. మొదటి గదిలో డాక్టర్ సలోమి కూర్చుంటారు. డెబ్భై దాటిన మనిషి. ఊరంతా ఆవిడని పెద్ద డాక్టరమ్మ అంటారు. తాతకి దగ్గు, మనవడికి గజ్జి, కోడలికి వేవిళ్ళు, కొడుక్కి తాగుడు, ఏదైనా సరే ముందు ఆవిడ దగ్గరికే. ఒక ఇంటికి ఒక డాక్టరు. ఆ పద్ధతినే నిరంజన్ కాలేజీలో చదివి, కుటుంబ వైద్యంలో పట్టా తెచ్చుకున్నాడు. పరీక్షల్లో అందరికన్నా ముందు వచ్చాడు కూడా. ఆవిడ దగ్గర పని నేర్చుకుని, ఆవిడ తరువాత ఆ క్లినిక్ తనే నడపాలని ఏడాది కిందట ఒంగోలు నుంచి వచ్చి రెండో గదిలో కూర్చున్నాడు.

అప్పట్నుంచీ కూర్చునే ఉన్నాడు.

అలాగని ఆ గదిలోకి మనిషన్నవాడు రాలేదని కాదు. మొదట్లో జబ్బుతో వచ్చిన ఒకరిద్దరు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఒకాయన ఫోనుకి ఛార్జింగ్ పెట్టుకోవడానికి వచ్చాడు. ఒకావిడ ఏడుస్తున్న పిల్లని ఫ్యాను కింద పడుకోబెట్టుకుని, నిద్రపోగానే భుజాన వేసుకుని పెద్ద డాక్టరమ్మ గదిలోకి వెళ్ళిపోయింది. ఇంకొకాయన కర్టెన్ తొలగించి, లోపల మనిషిని చూసి, "ఓ, మీరా" అని మళ్ళీ కర్టెన్ వేసేశాడు. ఆ మాటకి నిరంజన్‌కి చాలా రోజులు అన్నం సయించలేదు.

పేషెంట్లు లేని డాక్టరుకి ఆలోచనలు బాగా వస్తాయి. నిరంజన్‌కి ఏకంగా ఒక ప్రణాళికే వచ్చింది. రాబోయే ఇరవై ఏళ్ళలో కుటుంబ వైద్యం ఎలా ఉండాలి అన్నది విషయం. ఆదివారం విజయవాడలో కుటుంబ వైద్యుల సభ ఉంది. అక్కడ పెద్దలందరి ముందూ చదవాలి. ప్రతి వార్డుకీ ఒక కుటుంబ వైద్యుడు, ప్రతి ఇంటి ఆరోగ్య చరిత్రా కంప్యూటర్లో, కాలేజీల్లో కొత్త సీట్లు, జనానికి అవగాహన సదస్సులు. రంగురంగుల గీతలు కూడా గీశాడు. ఆ గీతలన్నీ పైకే పోతాయి, ఒక్కటీ కిందికి చూడదు. మొదటి వాక్యమంటే అతనికి మరీ ముద్దు. అద్దం ముందు నిలబడి చెయ్యి ఊపుతూ చదువుకున్నాడు. "నూటికి తొంభై జబ్బులు కుటుంబ వైద్యుడి గదిలోనే తేలిపోవాలి."

వృత్తికి ఇంత ప్రణాళిక వేసినవాడు తన కోసం ఇంకో చిన్న ఏర్పాటు కూడా చేసుకున్నాడు. విజయవాడలోనే ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు ఉద్యోగమిస్తామన్నారు. మనుషుల ముఖం చూడక్కర్లేదు, వచ్చిన రిపోర్టులు చూసి సంతకాలు పెడితే చాలు. సోమవారం చేరమన్నారు. అంటే ఆదివారం నాడు కుటుంబ వైద్యం భవిష్యత్తు గురించి చప్పట్లు కొట్టేలా మాట్లాడి, తెల్లారగానే దానికో దణ్ణం పెట్టెయ్యడం. ఇందులో తమాషా ఏమిటో అతనికి తట్టలేదు. మరీ తెలివైనవాళ్ళకి కొన్ని తట్టవు, పాపం.

శుక్రవారం మధ్యాహ్నం జనం పలచబడ్డాక కాగితాలు పట్టుకుని మొదటి గదిలోకి వెళ్ళాడు. సలోమిగారు క్యారేజీ విప్పుకుంటున్నారు.

"మేడమ్, ఒక్క పది నిమిషాలు."

"కూర్చో. చింతచిగురు పప్పు. తింటావా?"

"తిన్నాను మేడమ్. ఇది కాస్త వినండి."

చదవడం మొదలుపెట్టాడు. ఆవిడ తింటూ విన్నారు. ముద్దముద్దకీ తల ఊపారు. ఊపింది ప్రణాళికకో పప్పుకో చెప్పడం మాత్రం కష్టం.

"బాగుంది. చాలా కష్టపడ్డావు," అన్నారు చివరికి. "ఇందులో నేనెక్కడున్నాను?"

"మీరా?" నిరంజన్ కాగితాలు వెనక్కి తిప్పాడు. "మొదటి దశలో సీనియర్ డాక్టర్లు రిటైరవుతారని రాశాను మేడమ్. మీరు అందులో వస్తారు."

"రిటైరయ్యాక?"

"రిటైరయ్యాక..." ఆ ప్రశ్నకి అతని దగ్గర గీత లేదు. "విశ్రాంతి మేడమ్."

"ఊఁ," అని ఆవిడ మజ్జిగ పోసుకున్నారు.

నిరంజన్ కాగితాలు మడిచాడు. అసలు చెప్పాలనుకున్న మాట ఇంకా మిగిలే ఉంది. ఆవిడ మజ్జిగన్నం సగమయ్యాక అది బయటికి వచ్చింది.

"మేడమ్, కాగితం మీద ఎన్నయినా రాస్తాం. మీ తరువాత ఇక్కడికి ఎవరొస్తారు? ఏడాది నుంచి చూస్తున్నాను. జనానికి మీరన్నా కావాలి, లేకపోతే స్పెషలిస్టన్నా కావాలి. మధ్యలో నాలాంటివాడు ఎవరికీ అక్కర్లేదు. మీరు మానేసిన రోజున ఈ తలుపులు మూసుకోవడమే. అసలు ఈ వృత్తికే రోజులు లేవేమో."

అని, ఉద్యోగం సంగతి కూడా చెప్పేశాడు.

కోప్పడతారనుకున్నాడు. కనీసం ఒక నీతి వాక్యమైనా వస్తుందనుకున్నాడు. దానికి సమాధానం కూడా సిద్ధం చేసుకుని వచ్చాడు. ఆవిడ లేచి, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ, "సోమవారం చేరాలా?" అన్నారు.

"సోమవారం మేడమ్. ఇంకా వస్తానని మాటివ్వలేదు. రేపు సాయంత్రం లోపల చెప్పాలి."

"అయితే రేపు ఇక్కడ ఉంటావు."

"రేపు ఉంటాను."

"చాలు," అన్నారు ఆవిడ.

సిద్ధం చేసుకున్న సమాధానం అలాగే మిగిలిపోయింది.

*

శనివారం పొద్దున్న ఒక వింత జరిగింది. క్లినిక్ తలుపు తీసే వేళకి పెద్ద డాక్టరమ్మ రాలేదు. బెంచీలు నిండిపోయాయి. నర్సు నాగరత్నం నంబరు బిళ్ళలు పంచడం అయిపోయి, వీధిలోకీ గడియారంలోకీ మార్చి మార్చి చూస్తోంది.

నిరంజన్ ఇదే అదను అనుకున్నాడు. వరండాలోకి వచ్చాడు. ముందు బెంచీ మీద ఆదెమ్మ కూర్చుని ఉంది. ఒకప్పుడు ఆ వీధిలో ఆవిడ నేసిన చీరకి పేరుండేది. మోకాళ్ళు మొరాయించాక మగ్గం దిగింది. నోరు మాత్రం దిగలేదు.

"పెద్దమ్మా, మేడమ్‌గారు ఇంకా రాలేదు కదా. నా గదిలోకి రారాదూ? ఖాళీగానే ఉన్నాను."

"ఖాళీగా ఉన్నావని ఊరందరికీ తెలుసు బాబూ," అంది ఆదెమ్మ, ప్రేమగానే. "నీ గురించి చెడ్డగా ఎవరూ అనరు. మంచోడివి. దారి కూడా బాగా చెప్తావు."

"దారేంటి?"

"గుంటూరుకి."

వెనక బెంచీలో ఇద్దరు ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలాయన అడ్డం పెట్టుకోవడానికి ఏమీ దొరక్క బాహాటంగానే నవ్వాడు.

"పోయినసారి మోకాలు నొప్పని వస్తే చెయ్యన్నా వెయ్యకుండా ఎముకల డాక్టరు పేరు రాసిచ్చావు. మా ఆడపడుచు కడుపులో మంట అంటే ఇంకెవరిదో పేరు రాసిచ్చావు. గుంటూరు పొమ్మని చెప్పించుకోడానికి నీ దాకా ఎందుకు? సరాసరి బస్టాండుకే పోవచ్చు గదా."

"అది జాగ్రత్త కోసం పెద్దమ్మా. ఏదన్నా తేడా వస్తే?"

"జాగ్రత్తే. కాదన్నానా."

నిరంజన్ గదిలోకి తిరిగి వెళ్ళాడు. జనానికి బొత్తిగా తెలియడం లేదనుకున్నాడు. ప్రణాళిక తీసి, అవగాహన సదస్సులు అన్నచోట ముందు 'మరిన్ని' అని చేర్చాడు.

అప్పుడు వచ్చారు సలోమిగారు. ఎప్పుడూ గబగబా మెట్లెక్కే మనిషి, ఇవాళ గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ ఎక్కారు. బెంచీ మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. నాగరత్నం ఎదురు వెళ్ళింది.

"గది తుడిచి పెట్టానమ్మా. ఇవాళ చాలామంది ఉన్నారు."

"ఉండనీ. నాకో నంబరియ్యి."

"దేనికమ్మా?"

"దేనికేమిటే, ఒంట్లో బాగాలేదు. డాక్టరుకి చూపించుకోవాలి."

నాగరత్నం బిక్కమొహం వేసింది. "ఏ డాక్టరుకమ్మా?"

"నేను కాకుండా ఇక్కడ ఎంతమంది ఉన్నారు?"

"చిన్న డాక్టరుగారి దగ్గర ఎవరూ లేరు గదమ్మా. నంబరెందుకు, లోపలికి పోండి."

"పద్ధతి పద్ధతే."

నాగరత్నం సొరుగంతా వెతికి, రెండో గదికని ఎప్పుడో చేయించి పెట్టిన బిళ్ళల్లోంచి ఒకటో నంబరు తీసి, దుమ్ము తుడిచి ఇచ్చింది. సలోమిగారు దాన్ని పట్టుకుని ఆదెమ్మ పక్కన కూర్చున్నారు. నంబరు పిలిచేదాకా లేవలేదు. తన పిలుపుకి తనే సిగ్గుపడిపోతూ నాగరత్నం "ఒకటి" అని అరిచాక, మెల్లగా లేచి రెండో గదిలోకి వెళ్ళారు.

వరండాలో మాటలు ఆగిపోయాయి. ఆ ఊళ్ళో కర్టెన్లు గోడల్లాంటివి కావు.

నిరంజన్ అదిరిపడి లేచాడు. "మేడమ్, రండి, ఇలా నా కుర్చీలో కూర్చోండి."

"అది డాక్టరు కుర్చీ," అని ఆవిడ పేషెంటు స్టూలు మీద కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. "కళ్ళు తిరుగుతున్నాయి డాక్టరుగారూ."

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. ఆ స్టూలు మీద మనిషి, ఆ మనిషికో బాధ, ఎదురుగా తను. తీరా వచ్చేసరికి నిరంజన్ చెయ్యి దానంతటదే పెన్ను మీదికి పోయింది.

"మేడమ్, కంగారు పడకండి," అన్నాడు, గది మొత్తానికి కంగారు పడుతున్నది తనొక్కడే అయినా. "గుంటూరులో మంచి నరాల డాక్టరున్నారు, రాసిస్తున్నాను. తలకి స్కానింగ్ తీయిద్దాం. చెవి డాక్టరుకి కూడా రాస్తాను. గుండె కూడా ఒకసారి చూపించడం మంచిది. ఇప్పుడే కారు మాట్లాడతాను."

"నాకున్నది ఒక్క తల నిరంజన్. ముగ్గురికి పంచుతున్నావు."

"రిస్కు తీసుకోలేను మేడమ్. ఇంకెవరన్నా అయితే వేరు. మీరు కదా."

కర్టెన్ అవతల నుంచి ఆదెమ్మ గొంతు వినిపించింది. ఎవరికో మెల్లగా చెప్తోంది, ఆవిడ మెల్లగా అంటే వీధి చివరిదాకా.

"గుంటూరే."

నిరంజన్ చెవులు ఎర్రబడ్డాయి. బల్ల మీద ప్రణాళిక మొదటి పేజీ పైకే ఉంది. తొంభై అన్న అంకె చాలా పెద్ద అక్షరాల్లో కొట్టించాడు. సలోమిగారు దానివైపు చూడను కూడా లేదు. చీటీ కోసం చెయ్యి చాచారు.

"ఇయ్యి. వెళ్తాను. డాక్టరు చెప్పాక వెళ్ళాలి గదా."

ఇచ్చాడు. ఆవిడ మడిచి గుప్పిట్లో పెట్టుకున్నారు. లేవలేదు.

"ఆ గుంటూరాయన ముందుగా నన్నేం అడుగుతాడు?"

"ఎప్పట్నుంచి తిరుగుతున్నాయి, ఎంతసేపు, ఏం చేస్తున్నప్పుడు... అవే మేడమ్."

"ఆయనడిగితే చెప్తాను. నువ్వడిగితే చెప్పనా?"

నిరంజన్ చీటీల పుస్తకం పక్కకి నెట్టాడు. తరువాత పెన్నుకి మూత పెట్టాడు. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఎప్పట్నుంచి మేడమ్?"

"మూడు నాలుగు రోజులయింది. పక్క మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు, ఇంటి కప్పు గిర్రున తిరుగుతోంది. కళ్ళు గట్టిగా మూసుకుంటే కాసేపట్లో ఆగిపోతుంది. మళ్ళీ మామూలే."

"ఎంతసేపు?"

"పరలోక ప్రార్థన సగమయ్యేసరికి, అరనిమిషంలోపే ఆగుతోంది."

"పైకి చూసినప్పుడు?"

"అటక మీది ఆవకాయ జాడీ కోసం చూశాను. బీరువా పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే జాడీ, నేను ఒకచోటే ఉండేవాళ్ళం."

"చెవిలో హోరు? వినికిడి తగ్గిందా?"

"ఆదెమ్మ మాటలన్నీ వినపడుతున్నాయి."

అవతల బెంచీ కిర్రుమంది.

"ఒక వస్తువు రెండుగా కనపడటం, మాట తడబడటం, చెయ్యి పట్టు తప్పడం, ఏమన్నా?"

"లేవు."

"మెడ నొప్పి?"

"లేదు."

అడుగుతున్నకొద్దీ అతని గొంతు సర్దుకుంది. నాడి చూశాడు. పడుకోబెట్టి బీపీ చూశాడు, నిలబెట్టి చూశాడు. ఆవిడ వేలితో తన వేలు తాకించి, మళ్ళీ ఆవిడ ముక్కు తాకించాడు. గచ్చు మీది గీత వెంట నడిపించాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. మెదడు సంగతి కాదు. ఇది లోపలి చెవి సంగతి. ఆ ముక్క అతనికి నిద్రలో అడిగినా వచ్చు. పరీక్షలో ఈ ప్రశ్నే వస్తే పేజీలు నింపాడు.

పరీక్ష అనుకోగానే అతనికి ఒక అనుమానం వచ్చింది. అనుమానంతోపాటు కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

"మేడమ్, మీరు నన్ను పరీక్షిస్తున్నారు కదూ?"

"కళ్ళు తిరుగుతుంటే పరీక్షలు పెట్టే ఓపిక ఎవరికుంటుంది?"

అతను నమ్మలేదు. లోపల చిన్నగా నవ్వుకున్నాడు కూడా. పరీక్షలంటే అతనికి భయం లేదు. ఆవిడని మంచం మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టాడు. తలని రెండు చేతుల్లోకి తీసుకుని కుడివైపు తిప్పాడు. "కళ్ళు తెరిచే ఉంచండి మేడమ్," అని, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టాడు. తల మంచం అంచు దాటి కొంచెం కిందికి వాలింది, అతని చేతుల్లోకి.

ఒక క్షణం ఏమీ కాలేదు.

తరువాత ఆవిడ కళ్ళు ఎగరడం మొదలుపెట్టాయి. కనుగుడ్లు నేలవైపు సుడి తిరుగుతున్నట్టు కొట్టుకుంటున్నాయి. అది ఎంతటి నటులైనా చెయ్యగలిగింది కాదు. ఆ సంగతి అతనికి తెలుసు. ఆవిడ చెయ్యి గాల్లో వెతికి అతని ముంజెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో పెద్ద డాక్టరమ్మ లేదు. పడిపోతున్న మనిషి ఉంది.

పరీక్ష ఎటు పోయిందో పోయింది.

"పడరు మేడమ్. నేను పట్టుకున్నాను," అన్నాడు నిరంజన్. "ఇంకొంచెం సేపు. అదే ఆగుతుంది. నన్ను గట్టిగా పట్టుకోండి."

అది ఎవరి గొంతో అతనికే తెలియలేదు. ఇంతకుముందు ఆ గదిలో ఎప్పుడూ వినపడలేదు.

కళ్ళు నెమ్మదించాయి. అతను తొందరపడలేదు. తలని మెల్లగా ఎడమవైపుకి తిప్పి ఆగాడు. ఆవిడని ఆ ఎడమ భుజం మీదికే ఒత్తిగిలించి, ముఖం నేలవైపు ఉండేలా చేసి మళ్ళీ ఆగాడు. బయట ఎవరో దగ్గబోయి మింగేశారు. ఆఖరికి ఆవిడని కూర్చోబెట్టి, తల నిలిచేదాకా రెండు చేతులూ తియ్యలేదు.

"ఎలా ఉంది మేడమ్?"

"గది ఉన్నచోటే ఉంది."

"లోపలి చెవిలో సన్నటి సున్నపు రవ్వల్లాంటివి ఉంటాయి మేడమ్. అవి చోటు తప్పితే..." అని ఆగిపోయాడు. "మీకు తెలిసిందే కదా."

"తెలుసు. అయినా చెప్పు. డాక్టరు చెప్తుంటే వినాలని ఉంది."

చెప్పాడు. ఆవిడ మొదటిసారి వింటున్నట్టు విన్నారు. చెప్పడం అయ్యాక అతనికి ఇంకో సందేహం మిగిలింది.

"మేడమ్, ఇది మీరు ఎంతమందికి చేసి ఉంటారు. ఇంట్లో మీరే చేసుకుంటే..."

"ఎవరి తల వాళ్ళు పట్టుకోలేరు నాయనా."

నిరంజన్ తల వంచుకున్నాడు. తరువాత డాక్టర్లందరూ చెప్పినట్టే చెప్పాడు.

"రెండు రోజులు మెల్లగా లేవండి మేడమ్. అటక జోలికి పోకండి. మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా ఆగొద్దు, వెంటనే నాకు ఫోన్ చెయ్యండి. అప్పుడు గుంటూరు నేనే తీసుకెళ్తాను. సోమవారం ఒకసారి రండి, మళ్ళీ చూస్తాను. ఒక్కోసారి ఇంకోసారి చెయ్యాల్సి వస్తుంది."

"సోమవారం," అన్నారు ఆవిడ, గుర్తు పెట్టుకుంటున్నట్టు. గుప్పిట్లో చీటీ బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళారు.

వరండాలో ఆదెమ్మ ఆగలేకపోయింది. "ఏమన్నాడమ్మా?"

"పడుకోబెట్టి తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తగ్గింది."

"మందులు?"

"లేవు."

"చీటీ?"

"లేదు. ఒళ్ళు ఇంకా కాస్త తూలుతోంది నాకు. కాసేపు పడుకుంటాను. ఆగలేనివాళ్ళు ఆ గదికి వెళ్ళండి." అని సలోమిగారు తన గదిలోకి వెళ్ళి కర్టెన్ వేసుకున్నారు.

బెంచీల మీదివాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆదెమ్మ మోకాలు రుద్దుకుంది. రెండో గది కర్టెన్ వైపు చూసింది. మళ్ళీ రుద్దుకుంది. చివరికి, పక్కావిడ సంచీ తొక్కుకుంటూ లేచి లోపలికి వెళ్ళింది.

"నా తల బాగానే ఉంది బాబూ," అంది స్టూలు మీద కూలబడుతూ. "మోకాలే. దీన్ని కూడా అటూ ఇటూ తిప్పుతావా?"

నిరంజన్ కుర్చీలోంచి లేచి వచ్చి, ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. మోకాలి మీద అరచెయ్యి వేశాడు. మెల్లగా మడిచి, చాపి, మళ్ళీ మడిచి చూశాడు.

"మగ్గం గుంటలో కాళ్ళెలా పెట్టుకునేవారు పెద్దమ్మా? చూపించండి."

ఆదెమ్మ చూపించింది. కాళ్ళు ఎలా తొక్కాలో, ఏ కాలికి ఎక్కువ పనో చెప్పింది. మోకాలి దగ్గర మొదలైన మాట మగ్గం మీదికి, మగ్గం మీంచి అది అమ్మేద్దామంటున్న చిన్నకొడుకు మీదికి, ఆ కొడుకు మీంచి పట్టని నిద్ర మీదికి పోయింది. బల్ల మీద నిరంజన్ ఫోను మోగింది. విజయవాడ ఆసుపత్రి నంబరు. అతను దాన్ని బోర్లా తిప్పి, "ఊఁ, తరువాత?" అన్నాడు.

ఆదెమ్మ బయటికి వచ్చేసరికి కర్టెన్ పక్కన ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు.

*

మధ్యాహ్నం వరండా ఖాళీ అయింది. నాగరత్నం బెంచీలు గోడకి జరుపుతోంది. సలోమిగారు నిద్ర లేచి, ముఖం కడుక్కుని, సంచీ భుజాన తగిలించుకుని వచ్చారు. రెండో గది గుమ్మం దగ్గర ఆగారు.

నిరంజన్ నీళ్ళ సీసా ఎత్తి గటగటా తాగుతున్నాడు. మాట్లాడి మాట్లాడి గొంతు ఎండిపోయింది. ఎంత హాయిగా ఉందో అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"రేపు విజయవాడ వెళ్తున్నావు గదా?" అన్నారు ఆవిడ.

"వెళ్తున్నాను మేడమ్."

"నన్ను సోమవారం రమ్మన్నావు."

"అవును మేడమ్. తప్పకుండా..." అని, అక్కడ ఆగిపోయాడు. సీసా చేతిలోనే ఉండిపోయింది. రమ్మన్నది తనే. మళ్ళీ చూస్తానన్నది తనే. ఆవిడకే కాదు, ఇవాళ పొద్దుట్నుంచి ఆ గదిలోంచి వెళ్ళిన ప్రతి మనిషికీ అదే మాట చెప్పి పంపించాడు.

"నువ్వుంటావా?" అన్నారు సలోమిగారు.

ఫోను ఇంకా బోర్లానే ఉంది. నిరంజన్ సీసా మూత బిగించాడు.

"ఉంటాను మేడమ్. రేపు రాత్రి బండికే వచ్చేస్తాను."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. నాగరత్నం వైపు తిరిగారు.

"రత్నం, సోమవారానికి ఈయన దగ్గర నాకు ఒకటో నంబరు ఇయ్యి."

నాగరత్నం బెంచీ వదిలేసి నొసలు గీరుకుంది. "ఒకటి ఆదెమ్మ తీసుకుపోయిందమ్మా. ఆడపడుచుక్కూడా కావాలని రెండు కూడా పట్టుకుపోయింది. ఇవ్వనంటే ఊరుకుంటుందా ఆవిడ. మీకు మూడు ఇస్తాను."

సలోమిగారు మూడో నంబరు బిళ్ళ తీసుకున్నారు. దాన్ని ఒకసారి వెలుగుకి తిప్పి చూసి, సంచీలో వేసుకున్నారు.

"విన్నావుగా," అన్నారు నిరంజన్‌తో. "నాకే మూడో నంబరు."

అని, గోడ పట్టుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు.